వేరే స్టేట్‌లో మొదటి ఎల్క్ హంట్: మూడేళ్ళ ముందు నుంచి ప్లాన్ చేస్కోవడం ఎలా

టెక్సస్, జార్జియా, ఒహాయో వైపు ఉండే మన తెలుగువాళ్ళలో వైట్‌టెయిల్ జింక వేటకి వెళ్ళేవాళ్ళు ఈమధ్య బానే తగులుతున్నారు. ఒకటి రెండు సీజన్లు అయ్యాక అందరూ అడిగేది ఒకటే, పడమటి కొండల్లో ఉండే పెద్ద జింక, ఎల్క్, దాని వేటకి ఎప్పుడు వెళ్ళొచ్చు అని. దానికి నా సమాధానం, మూడేళ్ళలో వెళ్ళొచ్చు, కానీ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి. చాలామంది ప్లానింగ్ అంటే పాయింట్లు (ట్యాగుల లాటరీలో ముందు వరసకి చేర్చే మార్కులు) కూడబెట్టడం అనుకుని ఏటా డబ్బు కట్టి కూర్చుంటారు, పదేళ్ళ తర్వాత గొప్ప ట్యాగ్, అంటే ఒక జంతువుని వేటాడే పర్మిట్, వస్తుంది, అప్పటికి కొండెక్కి ఎరగరు, గాలి చూస్కోవడం తెలీదు, మోకాళ్ళు సహకరించవు. అందుకే మొదటి హంట్‌కి పెద్ద కొమ్ముల బుల్ (మగ ఎల్క్) ఆశ పక్కన పెట్టి, త్వరగా దొరికే మామూలు ట్యాగ్ పట్టుకుని వెళ్ళి ఎల్క్ ఉండే కొండల్లో ఒక వారం గడపండి అంటాను. ఈ కింద రాసిందంతా ఆ లెక్కలోనే.

మొదటి ఏడాది: ముందు కాగితాలు, ముఖ్యంగా వీసా మీద ఉన్నవాళ్ళు

ఇది వేరే హంటింగ్ గైడ్లలో కనపడదు, మనవాళ్ళకి మాత్రం అన్నిటికంటే ముందు తెలియాల్సిందిదే. హెచ్-వన్-బీ, ఎల్-వన్, ఎఫ్-వన్ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి మినహాయింపులున్నాయి, మనకి పనికొచ్చేది ఏంటంటే అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. గడువు తీరని అనే మాట గట్టిగా పట్టుకోండి. టెక్సస్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది, సెప్టెంబర్ 1న ఇంట్లో రైఫిల్ ఉండి కొత్త లైసెన్స్ లేకపోతే మీకు ఆ మినహాయింపు లేనట్టే. రెన్యువల్ రిమైండర్ ఆగస్టు మొదట్లోనే పెట్టుకోండి. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్ళకి ఈ నిషేధం వర్తించదు. స్టేట్ చట్టాలు మళ్ళీ వేరేగా ఉంటాయి కాబట్టి గన్ కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడుకోండి, ఆ ఫీజు దండగ కాదు. మామూలు విల్లు ఫెడరల్ చట్టం లెక్కలో ఫైర్‌ఆర్మ్ కాదు, అందుకని కొంతమంది ఆర్చరీతోనే మొదలుపెడతారు, ఐతే విల్లుతో ఎల్క్ కొట్టడం రైఫిల్ కన్నా చాలా కష్టం, దగ్గరికి వెళ్ళాలి.

తర్వాత హంటర్ ఎడ్యుకేషన్. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ ఈ సర్టిఫికెట్ ఉండాల్సిందే, టెక్సస్‌లో ఐతే 1971 సెప్టెంబర్ 2 నుంచి పుట్టినవాళ్ళకి. ఒక స్టేట్‌లో చేసిన కోర్సు మిగతా స్టేట్లు ఒప్పుకుంటాయి. ఆన్‌లైన్‌లో అయిపోతుంది, కానీ వీలైతే మనుషులతో జరిగే క్లాస్‌కే వెళ్ళండి. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం, దాని తర్వాతి సవరణలు వచ్చాక చట్టబద్ధమైన వేట దాదాపు ఆగిపోయింది, కాబట్టి మనకి నేర్పడానికి ఇంట్లో తాతలు మామయ్యలు ఎవరూ లేరు, ఆ క్లాస్‌లో చెప్పే పెద్దాయనే మనకి మొదటి గురువు. 1984లో మొదలై ఇప్పుడు మోంటానాలోని మిజూలా కేంద్రంగా నడుస్తున్న రాకీ మౌంటెన్ ఎల్క్ ఫౌండేషన్‌కి చాలా ఊళ్ళలో చాప్టర్లున్నాయి, వాళ్ళ డిన్నర్లకి వెళ్తే పాతికేళ్ళుగా కొండలెక్కుతున్న వాళ్ళు పరిచయమవుతారు, అడిగితే విసుక్కోకుండా చెప్తారు.

ఏ స్టేట్, ఏ ట్యాగ్

ఇక్కడే ఎక్కువమంది బుర్ర వేడెక్కేది. ప్రతి స్టేట్ రూల్ వేరు, అందులోనూ ఏటా మారుతుంది. నేను రాసేది రూపురేఖల కోసం, అప్లై చేసేముందు ఆ ఏడాది రెగ్యులేషన్ల పుస్తకం మీరే చదువుకోవాలి.

కొలరాడోతో మొదలుపెడదాం, ఎందుకంటే ఎల్క్ అన్నిటికంటే ఎక్కువున్న స్టేట్ అదే, దాదాపు మూడు లక్షల దాకా ఉంటాయి, టెక్సస్ నుంచి కార్లో వెళ్ళగలిగే దూరం కూడా. అక్కడ బుల్ ట్యాగ్ ఓవర్ ద కౌంటర్, అంటే డ్రా (ట్యాగుల లాటరీ) లేకుండా నేరుగా కొనుక్కోవడం, రెండో మూడో రైఫిల్ సీజన్లకి చాలా యూనిట్లలో (స్టేట్‌ని విడగొట్టిన వేట ప్రాంతాల్లో) ఉంటూ వచ్చింది. ఆర్చరీకి మాత్రం 2025 నుంచి ఐ-25 హైవేకి పడమర వైపు బయటి స్టేట్ వాళ్ళకి ఆ సౌకర్యం తీసేశారు, డ్రాలోనే రావాలి. ఈ మార్పులు ఒకే దిక్కుకి పోతున్నాయి, బయటివాళ్ళకి దారులు తగ్గుతున్నాయి, అందుకే పదేళ్ళ ప్లాన్ వద్దు అంటున్నాను. డ్రా పద్ధతినే 2028 నుంచి మార్చాలని కూడా కొలరాడో నిర్ణయం తీస్కుంది, కాబట్టి ఇప్పటి లెక్కలు వేసుకుని 2035లో ఫలానా యూనిట్ అని కలలు కనడంలో అర్థం లేదు.

ఇప్పుడున్న పద్ధతిలో ఐతే ఒక కిటుకుంది. కొలరాడో డ్రాలో మొదటి ఛాయిస్‌కి మాత్రమే పాయింట్లు ఖర్చవుతాయి. కాబట్టి మొదటి ఛాయిస్‌లో పాయింట్ కోడ్ (ట్యాగ్ వద్దు, పాయింట్ చాలు అని చెప్పే కోడ్) వేసి, రెండో ఛాయిస్‌లో గిరాకీ తక్కువుండే కౌ (ఆడ ఎల్క్) ట్యాగో, మామూలు యూనిట్ బుల్ ట్యాగో వేస్తే, పాయింటూ చేరుతుంది, ట్యాగూ రావచ్చు. గిరాకీ తెలియాలంటే కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళు ఏటా పెట్టే డ్రా రీక్యాప్ రిపోర్ట్ చూడాలి, ఏ కోడ్‌కి ఎంతమంది ఏ ఛాయిస్‌లో వేశారు, ఎన్ని పాయింట్లతో వచ్చింది అన్నీ ఉంటాయి. మొదట్లో ఆ పీడీఎఫ్ చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఒక ఆదివారం కూర్చుంటే అర్థమైపోతుంది, మనవాళ్ళకి స్ప్రెడ్‌షీట్ కొత్తేం కాదు కదా. వాయవ్య మూలన ఉన్న 2, 10, 201 లాంటి యూనిట్లకి ఇరవై పైచిలుకు పాయింట్లు కావాలి, వాటి వైపు చూడకండి. ప్రైమరీ డ్రాలో రాకపోయినా జూన్‌లో సెకండరీ డ్రా, ఆగస్టులో మిగిలిన ట్యాగుల అమ్మకం ఉంటాయి.

ఖర్చు చూస్తే బయటివాళ్ళకి బుల్ ట్యాగ్ 800 డాలర్లు దాటింది. డ్రాకి అప్లై చేయాలంటే క్వాలిఫయింగ్ లైసెన్స్ ఒకటి ముందు కొనాలి, డ్రా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. హాబిటాట్ స్టాంప్, అంటే జంతువుల ఆవాసాల కోసం కట్టే ఫీజు, ఇంకొంచెం.

వ్యోమింగ్ నాకు బాగా నచ్చిన స్టేట్. జనం తక్కువ, పబ్లిక్ ల్యాండ్ ఎక్కువ. అక్కడ ఎల్క్ అప్లికేషన్ జనవరిలో తెరిచి ఫిబ్రవరి మొదట్లో మూసేస్తారు, ఎంత తొందరంటే చాలామంది బయటివాళ్ళు అప్పటికి ఇంకా నిద్రలేవరు. పాయింట్ విడిగా కొనాలంటే జులై నుంచి అక్టోబర్ ఆఖరు దాకా, యాభై డాలర్ల పైచిలుకు. వరసగా రెండేళ్ళు అప్లై చేయకుండా, పాయింట్ కూడా కొనకుండా వదిలేస్తే పాతవన్నీ పోతాయి, జాగ్రత్త. ట్యాగుల్లో మూడొంతులు పాయింట్లున్నవాళ్ళకి, ఒక వంతు లాటరీకి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అక్కడ కౌ-కాఫ్ (ఆడ ఎల్క్ లేదా దూడ) ట్యాగ్ బాగా కుదురుతుంది, బయటివాళ్ళకి 300 డాలర్ల లోపే ఉంటూ వచ్చింది, పాయింట్లు ఖర్చవ్వవు. ఇంకో రూల్ మర్చిపోవద్దు, ఫెడరల్ వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవిలో బయటి స్టేట్ వాళ్ళు గైడ్ గానీ, ఆ స్టేట్ నివాసి ఒకరు గానీ తోడు లేకుండా వేటాడకూడదు. మ్యాప్‌లో అందంగా కనపడ్డ చోటల్లా పిన్ పెట్టేముందు ఆ గీత ఎక్కడుందో చూడండి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. మోంటానాలో ఏప్రిల్ 1 ఆఖరు తేదీ, లైసెన్స్ ఖరీదు వెయ్యి డాలర్లు దాటుతుంది, కానీ రైఫిల్ సీజన్ అయిదు వారాలు, అక్టోబర్ ఆఖరి నుంచి థాంక్స్‌గివింగ్ తర్వాత ఆదివారం దాకా, సెలవు దొరకనివాళ్ళకి అది వరం. ఐడహోలో పాయింట్ల గొడవే లేదు, ఒకప్పుడు డిసెంబర్ 1న ఆన్‌లైన్‌లో క్యూ కట్టి కొనుక్కునేవాళ్ళు, 2026 సీజన్ నుంచి బయటివాళ్ళ జనరల్ ట్యాగులు కూడా డ్రాలోకి వెళ్ళాయి, అప్లికేషన్ అంతకు ముందు డిసెంబర్‌లోనే. న్యూ మెక్సికోలోనూ పాయింట్లు లేవు, డ్రా అప్లికేషన్‌కి ఆఖరు మార్చి మధ్యలో, కానీ గైడ్ లేని బయటివాళ్ళకి 6 శాతమే, వస్తే అదృష్టం. అరిజోనా, నెవాడా, యూటా మంచి బుల్స్‌కి పేరు, ఏళ్ళ తరబడి ఆగాలి, మొదటి హంట్‌కి అవి కాదు.

తేదీలు గుర్తుండాలంటే మన పండగలకి కట్టేసుకోండి. సంక్రాంతి రాగానే వ్యోమింగ్, ఉగాదికి మోంటానా, కొలరాడో, ఉగాది ఏప్రిల్‌లో పడే ఏడాది ఐతే మార్చిలోనే. కొలరాడో ఆఖరు తేదీ ఏప్రిల్ మొదటి వారంలో పడుతుంది.

కౌ ట్యాగ్ ఎందుకంటే

దీని మీద నాతో వాదించేవాళ్ళున్నారు, అంత దూరం వెళ్ళి ఆడ ఎల్క్ ఏంటి అని. కొలరాడోలో సగటున అయిదుగురు ఎల్క్ వేటగాళ్ళలో ఒకరికి అటూ ఇటుగా దొరుకుతుంది, నలుగురు ఖాళీ చేతుల్తో ఇంటికొస్తారు. అందులో మీరు కొత్త. కౌ ఎల్క్‌లు గుంపులుగా తిరుగుతాయి, మందలో బుల్ ఒకటి రెండైతే కౌలు, దూడలు ఎక్కువ, ఛాన్స్ పెరుగుతుంది. పైగా కొలరాడోలో చాలా యూనిట్లలో బుల్ కొట్టాలంటే ఒక కొమ్ముకి నాలుగు కొనలు గానీ, అయిదు అంగుళాల బ్రో టైన్ (కొమ్ము మొదట్లో ముందుకి వచ్చే కొన) గానీ ఉండాలి. పొద్దుపొడుపు మసక వెలుతురులో చెట్ల మధ్య ఆ కొనలు లెక్కపెట్టడం కొత్తవాళ్ళకి చాలా కష్టం, తప్పు జరిగితే జరిమానా, లైసెన్స్ పోవడం. చాలా స్టేట్ల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి ఒకచోట పోతే మిగతాచోట్లా పోయినట్టే. వీసా మీద ఉన్నవాళ్ళు అలాంటి కేసు అసలు తెచ్చుకోకూడదు. తినడానికి కూడా కౌ మాంసమే లేతగా ఉంటుంది.

రెండో ఏడాది: మ్యాపు, కాళ్ళు, గురి

యూనిట్ ఒకటి అనుకున్నాక దాన్ని మ్యాప్‌లో నమిలెయ్యాలి. ఆన్‌ఎక్స్ లాంటి యాప్‌లో ఏది ప్రైవేట్, ఏది నేషనల్ ఫారెస్ట్, ఏది బీఎల్ఎం (ఫెడరల్ ప్రభుత్వ భూముల శాఖ) భూమి అని రంగులు వేసి చూపిస్తుంది. రెండు పబ్లిక్ ముక్కలు మూలల్లో మాత్రమే కలిసే చోట ప్రైవేట్ నేల తొక్కకుండా దాటడం తప్పు కాదని టెన్త్ సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు 2025 మార్చిలో వ్యోమింగ్ కేసులో చెప్పింది, అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ అప్పీలు తీస్కోలేదు. కొలరాడో, వ్యోమింగ్, యూటా, న్యూ మెక్సికో ఆ కోర్టు పరిధిలోకే వస్తాయి, మోంటానా రాదు. కొత్తగా వెళ్ళేవాళ్ళు అలాంటి మూలల జోలికి పోకుండా, దారి స్పష్టంగా ఉన్న చోటు చూస్కుంటేనే నయం.

మ్యాప్‌లో వెతకాల్సింది మూడు, మేత, నీళ్ళు, దాక్కునే చోటు. ఈ మూడూ మైలు లోపల కలిసి ఉండి, రోడ్డుకి కనీసం మైలు దూరంలో ఉంటే అక్కడ పిన్ పెట్టండి. ఉత్తరం వైపు తిరిగిన వాలుల్లో చెట్లు దట్టంగా, చల్లగా ఉంటాయి, పగలు అక్కడ పడుకుంటాయి. దక్షిణం వైపు వాలుల్లో గడ్డి, సాయంత్రం అక్కడికి మేతకొస్తాయి. కొన్నేళ్ళ కింద కార్చిచ్చు వచ్చిన చోట లేత గడ్డి బాగా మొలుస్తుంది, పాత ఫైర్ మ్యాపులు చూడండి. సీజన్ మొదలై రెండ్రోజులు అయ్యాక జనం రొదకి అవి మనుషులు వెళ్ళలేని నిటారు లోయల్లోకో, పక్కనున్న ప్రైవేట్ ర్యాంచ్‌లోకో జారుకుంటాయి, అందుకని ప్లాన్ బి, ప్లాన్ సి కూడా ముందే ఉండాలి. ఇన్నీ గీసుకున్నాక కొలరాడో వాళ్ళ హంట్ ప్లానర్లకి ఫోన్ చెయ్యండి, అందుకోసమే ఉన్నారు వాళ్ళు. ఎల్క్ ఎక్కడున్నాయి అని అడక్కండి, ఈ మూడు చోట్లు అనుకుంటున్నాను, నవంబర్ మొదట్లో మంచు పడితే ఏది వదిలెయ్యాలి అని అడిగితే మనసు పెట్టి చెప్తారు.

ఆ ఏడాది ఎండాకాలం ఫ్యామిలీ ట్రిప్‌ని అటే పెట్టండి. కొలరాడోలో స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ వైపు పిల్లలకి సరదాగా ఉంటుంది, మీకు ఒక రెండ్రోజులు యూనిట్ తిరిగినట్టు ఉంటుంది. సెప్టెంబర్ మధ్యలో వీలైతే ఎస్టెస్ పార్క్, రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ వెళ్ళండి, అక్కడ వేట నిషేధం కాబట్టి ఎల్క్‌లు రోడ్డు పక్కనే తిరుగుతాయి, అది వాటి జత కట్టే కాలం, బుల్ అరిచే ఆ సన్నటి ఈల లాంటి కేక ఒకసారి చెవిన పడితే ఇంట్లో వాళ్ళకి కూడా మీరు ఇంత తపన ఎందుకు పడుతున్నారో అర్థమౌతుంది. అది ఎంత పెద్ద జంతువో కూడా అప్పుడే తెలుస్తుంది, బుల్ మూడొందల కిలోలు పైనే.

ఇక ఒళ్ళు. మీరు వేటాడబోయేది ఎనిమిది వేల నుంచి పదకొండు వేల అడుగుల ఎత్తులో. డాలస్ సముద్రమట్టానికి నాలుగైదొందల అడుగులు. నలభై దాటినవాళ్ళు ట్రైనింగ్ మొదలుపెట్టేముందు గుండె పరీక్ష చేయించుకోండి, మన దక్షిణాసియా వాళ్ళకి గుండెజబ్బుల ముప్పు మిగతావాళ్ళకన్నా ఎక్కువ, కొండమీద బరువు మోస్తున్నప్పుడు అది తెలియడం మంచిది కాదు. ఊళ్ళో కొండలు లేకపోతే పార్కింగ్ గ్యారేజ్ మెట్లు, స్టేడియం మెట్లు చాలు. బ్యాగులో పది కిలోలతో మొదలెట్టి నెల నెలా పెంచుతూ ఇరవై కిలోల దాకా తీస్కెళ్ళండి. ఎక్కడం కన్నా దిగడానికే తొడలు వణుకుతాయి, దిగేటప్పుడు కూడా బరువుతోనే దిగండి. బూట్లు ఆర్నెల్ల ముందే కొని అరగదీయండి. హంట్‌కి రెండ్రోజుల ముందే చేరుకుని ఎత్తుకి అలవాటు పడండి, నీళ్ళు బాగా తాగండి, తలనొప్పి వాంతులు ఎక్కువైతే కిందకి దిగిపోవడమే మందు.

రైఫిల్ విషయంలో మనవాళ్ళు ఎక్కువ ఆలోచిస్తారు. మీ దగ్గర 270, 308, 30-06, 7 ఎంఎం మాగ్నమ్ ఏదున్నా సరిపోతుంది. కొలరాడో రూల్ ఎల్క్‌కి కనీసం 24 క్యాలిబర్, 85 గ్రెయిన్ల బుల్లెట్, వంద గజాల దగ్గర వెయ్యి ఫుట్-పౌండ్ల శక్తి. కొత్త రైఫిల్ డబ్బుతో మంచి బుల్లెట్లు ఎక్కువ కొని ప్రాక్టీస్ చెయ్యండి. బెంచ్ మీద పెట్టి కాల్చడం స్కోప్ సరిచేసుకోవడానికే, తర్వాత కూర్చుని, మోకాలి మీద, కర్రల మీద ఆనించి కాల్చాలి, అదీ మెట్లెక్కి ఆయాసపడుతూ. అలా ఆరంగుళాల ప్లేటుని ఎంత దూరం దాకా ప్రతిసారీ కొట్టగలరో అదే మీ హద్దు. అది రెండొందల గజాలైతే రెండొందలే, ఎదురుగా ఎల్క్ నిలబడ్డా మూడొందల గజాల్లో కాల్చొద్దు. గాయపడి కొండల్లోకి పోయిన జంతువు ఉసురు పోసుకోకూడదు.

బైనాక్యులర్స్ మీద మాత్రం పిసినారితనం వద్దు. 10x42, ట్రైపాడ్ మీద పెట్టుకుని ఒకేచోట గంటల తరబడి ఎదుటి వాలు చూడటం నేర్చుకోవాలి. ఎల్క్ మొత్తం ఎప్పుడూ కనపడదు, చెట్ల నిలువు గీతల మధ్య ఒక అడ్డగీత, లేదా లేత పసుపు పిరుదు కనపడుతుంది.

గాలి గురించి ఇంకొంచెం చెప్పాలి. కొండల్లో గాలి టైమ్ ప్రకారం నడుస్తుంది, తెల్లవారుజామున చల్లగాలి బరువుకి కిందకి జారుతుంది, ఎండ ఎక్కాక పైకి ఎగబాకుతుంది, సాయంత్రం నీడ పడగానే మళ్ళీ కిందకి. కాబట్టి పొద్దున కింద నుంచి పైకి వెళ్ళడం, ఎండెక్కాక పై నుంచి చూడటం. చిన్న సీసాలో పౌడర్ పెట్టుకుని మాటిమాటికీ ఒక పిసరు వదిలి చూస్కోండి. కంటికి కనిపించినా ఒక్కోసారి నిలబడి చూస్తుంది గానీ వాసన తగిలితే మంద మొత్తం లోయ మారిపోతుంది.

మాంసం, అసలు పని

ట్రిగ్గర్ నొక్కాక మొదలయ్యేది అసలు పని, దీనికి కూడా ఇంటి దగ్గరే రిహార్సల్ చేస్కోవచ్చు. ఎలాగూ మనవాళ్ళు ఫామ్‌కి వెళ్ళి మేకని కొనుక్కుంటారు కదా, ఈసారి కోసేవాడి పక్కన నిలబడి చూడకుండా కత్తి మీరే పట్టండి. మేకకీ ఎల్క్‌కీ కీళ్ళు ఒకేచోట ఉంటాయి, సైజే తేడా.

ఎల్క్‌ని పొట్ట చీల్చకుండానే విడగొడతారు, గట్‌లెస్ మెథడ్ అంటారు. పక్కకి పడుకోబెట్టి వెన్ను పొడుగునా చర్మం కోసి పొట్ట వైపుకి వలుచుకుంటూ రావాలి. ముందు జబ్బకి ఒంటితో ఎముక కీలు ఉండదు, కండతోనే అతుక్కుని ఉంటుంది, ఒకరు కాలు పైకెత్తి పట్టుకుంటే రెండోవాళ్ళు లోపల కత్తి ఆడిస్తే ఊడొస్తుంది. వెనక తొడ అలా రాదు. తుంటి ఎముకని కత్తి మొనతో తడుముకుంటూ దాన్నే ఆనుకుని కోస్తూ వెళ్తే గుంటలో ఇరుక్కున్న తెల్లటి గుండ్రటి బంతి కీలు కనపడుతుంది, దాని మధ్యలో గట్టి తాడు లాంటి నరం ఒకటుంటుంది, అది తెగగానే కాలు దాని బరువుకే విడిపోతుంది. తర్వాత వెన్నుకి రెండువైపులా బ్యాక్‌స్ట్రాప్, మెడ మాంసం, ఆఖర్న పక్కటెముకల వెనక చెయ్యి పెట్టి లోపలి టెండర్‌లాయిన్. ఇంకో పక్కకి తిప్పి మళ్ళీ అదే. తినదగ్గ మాంసం అడవిలో వదిలేస్తే నేరం. మగదా ఆడదా తెలిసే గుర్తు ఒక ముక్కకి సహజంగా అతుక్కుని ఉండాలి, అది కోసి పారేయకండి. ట్యాగ్ మీద సంతకం, తేదీ వేసి తగిలించడం అన్నిటికంటే ముందు.

వేడి ఉంటే మాంసం చెడిపోతుంది, ముఖ్యంగా ఆ తుంటి కీలు దగ్గర లోపల్నుంచి. చర్మం త్వరగా తీసి, పలుచటి గేమ్ బ్యాగుల్లో వేసి నీడలో, గాలి తగిలేలా కొమ్మకి వేలాడదీయాలి, టెంట్‌కి దూరంగా, ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఎముకతో వెనక కాలు ఒక్కటే పాతిక ముప్ఫై కిలోలు తూగుతుంది, కాబట్టి ఒక్కరే ఐతే నాలుగైదు ట్రిప్పులు మొయ్యాలి. రోడ్డుకి నాలుగు మైళ్ళ దూరంలో నవంబర్ ఎండ పొడిలో కొడితే ఆ లెక్క ఏమౌతుందో ముందే ఆలోచించుకోండి. ఒక్కరే వెళ్ళొద్దు. తోడొచ్చేవాళ్ళకి ట్యాగ్ లేకపోయినా పర్లేదు, నడుం గట్టిగా ఉంటే చాలు.

మూడో ఏడాది: బయల్దేరే ముందు

సెలవు సంగతి జనవరిలోనే మేనేజర్‌కి చెప్పేయండి. ఇంట్లో కూడా అప్పుడే చెప్పాలి, ఎందుకంటే కొలరాడో రెండో రైఫిల్ సీజన్ అక్టోబర్ ఆఖర్లో, మూడోది నవంబర్ మొదట్లో, దీపావళి వీటి దగ్గర్లోనే ఎక్కడో పడుతుంది. 2026లో నవంబర్ 8, 2027లో అక్టోబర్ 29. 2028లో ఐతే అక్టోబర్ 17, ఆ ఏడాది రెండో సీజన్ హాయిగా వెళ్ళొచ్చు. దీపావళి తర్వాత కార్తీకమాసం, చాలా ఇళ్ళల్లో నీచు ముట్టరు, మాంసం ఇంటికొచ్చే టైమ్‌కి సరిగ్గా అదే ఉంటుంది. గ్యారేజ్‌లో విడిగా ఒక చెస్ట్ ఫ్రీజర్ కొనుక్కుంటే ఆ గొడవ ఉండదు, బాగా ప్యాక్ చేస్తే ఏడాది నిలవుంటుంది.

ఖర్చు, ట్యాగ్‌తో కలిపి సొంతంగా వెళ్తే మనిషికి రెండున్నర మూడు వేల డాలర్లు పెట్టుకోండి, గైడ్‌తో ఐతే దానికి రెండింతలు మూడింతలు. నెలకి వంద డాలర్లు పక్కన వేస్తే మూడేళ్ళకి సరిపోతుంది. గైడ్ మొదటిసారికి అవసరమా అంటే నేను అవసరం లేదంటాను, నేర్చుకోవడానికి వెళ్తున్నప్పుడు ఇంకొకళ్ళ వెనక నడిస్తే సగమే నేర్చుకుంటాం.

డాలస్ నుంచి వాయవ్య కొలరాడోలోని క్రెయిగ్ దాకా పదహారు పదిహేడు గంటల డ్రైవ్. ఫ్లైట్ కన్నా కారే మేలు, కూలర్లు పడతాయి. తిరుగు ప్రయాణానికి ఎముక తీసిన మాంసానికి పెద్ద కూలర్లు రెండు, వెళ్ళేటప్పుడు వాటిలో నీళ్ళ క్యాన్లు గడ్డకట్టించి పెట్టుకెళ్ళండి. టైర్లు మంచువి, చెయిన్లు ఉండాలి. టెంట్‌లో హీటర్ వాడితే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. సిగ్నల్ ఉండదు కాబట్టి ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ తీస్కుని రోజూ రాత్రి ఇంటికి ఒక మెసేజ్ పెట్టండి. రైఫిల్ సీజన్‌లో కొలరాడోలో 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ లేదా పింక్ ఒంటి మీద, తలమీద టోపీ కూడా ఆ రంగే.

తిరిగొచ్చేటప్పుడు సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) గుర్తుపెట్టుకోండి. జింక జాతికి వచ్చే మెదడు జబ్బు ఇది, వండితే పోయే రకం కాదు, మనుషులకి సోకినట్టు తేలలేదు కానీ పాజిటివ్ వచ్చిన మాంసం తినొద్దనే సీడీసీ చెప్తుంది. తల, వెన్నెముక స్టేట్ దాటించడం మీద చాలాచోట్ల ఆంక్షలున్నాయి, ఎముక తీసిన మాంసం, శుభ్రం చేసిన పుర్రె ముక్కతో కొమ్ములు తెచ్చుకోవచ్చు. అక్కడే తల ఇచ్చి టెస్ట్ చేయించి ఆ నంబర్ దాచుకోండి, ప్రతి ప్యాకెట్ మీదా ఆ నంబరూ, ఏ భాగమో మార్కర్‌తో రాసుకోండి. ఎల్క్ కొవ్వు మైనంలా నోటికి అంటుకుంటుంది, ప్యాక్ చేసేటప్పుడే తీసేయండి. కాళ్ళు, మెడ కుక్కర్లో పులుసుకి, బ్యాక్‌స్ట్రాప్ ఐతే ఎక్కువ సేపు వేపకుండా పెనం మీద, తొడల్లో గట్టి ముక్కలు ఖీమాకి. రిజల్ట్ నెగెటివ్ అని వచ్చేదాకా ఫ్రెండ్స్‌కి పంచకండి.